'మర్ద్ కో దర్ద్ నహీ హోతా', పాత కుంగ్‌ఫూ క్యాసెట్లు, మొదటి ప్రేమ

పాతరీలు (నిజామాబాద్) | శనివారం, రాత్రి 10:42

నిన్న మా అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని 'మర్ద్ కో దర్ద్ నహీ హోతా' చూశాను. వాడు ఇంటర్ మొదటి సంవత్సరం. నాకు ఇది నాలుగోసారి. 2019 మార్చి 21న విడుదలైన హిందీ సినిమా, దర్శకుడు వాసన్ బాలా. అదే రోజు 'కేసరి' కూడా వచ్చింది. ఆ సందడిలో దీన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ.

చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. సూర్య అనే కుర్రాడికి పుట్టుకతోనే నొప్పి తెలియదు. గొలుసు దొంగల వల్ల తల్లి పోతుంది. తండ్రి భయపడి ఇంట్లో దాచిపెడితే, తాత మాత్రం వీహెచ్‌ఎస్ వీడియో క్యాసెట్లు తెచ్చిపెట్టి వాటితోనే పెంచుతాడు. ఆ తాతగా మహేశ్ మంజ్రేకర్‌ను చూస్తే మా తాత గుర్తొచ్చి గొంతు పట్టేసింది. పిల్లవాడు కుంగ్‌ఫూ సినిమాలు చూస్తూనే లోకాన్ని నేర్చుకుంటాడు. చిన్నప్పటి స్నేహితురాలు సుప్రి దూరమై, పెద్దయ్యాక మళ్ళీ కనిపిస్తుంది. అప్పటికి ఆమె ఇతనికంటే బాగా కొట్లాడుతుంది.

నేను అడగాలనుకున్నది ఇదీ. ఇందులో ప్రేమ మాటలు చాలా తక్కువ. అయినా వాళ్ళిద్దరూ పక్కపక్కన నిలబడి కొట్లాడుతుంటే, డ్యూయెట్లలో ఎప్పుడూ కలగని ప్రేమ భావన కలిగింది నాకు. మా అబ్బాయి కూడా ఫోన్ పక్కన పెట్టి చూశాడు. ఎందుకలా? మీలో ఎవరికైనా ఇలా అనిపించిందా?

---

సెకండ్‌షో (హైదరాబాద్) | శనివారం, రాత్రి 11:05

అన్నా, సినిమా నాకూ ఇష్టమే కానీ ఒక మాట చెప్పాలి. రెండో సగం సాగింది. విలన్ జిమ్మీ మాట్లాడే సీన్లు నిడివి ఎక్కువ. గుల్షన్ దేవయ్య రెండు పాత్రలూ అద్భుతంగా చేశాడు, ఒంటికాలి కరాటే మణి, అతని కవల సోదరుడు జిమ్మీ. అంత నటుడు దొరికాడని దర్శకుడికి కోయబుద్ధి కాలేదేమో. పైగా పాత సినిమాల గుర్తులు అడుగడుగునా. ఆ సినిమాలు చూడని నాలాంటివాడికి సగం అందవు. టైటిల్ అమితాబ్ 1985 నాటి 'మర్ద్' డైలాగ్ అని కూడా నాకు తర్వాత తెలిసింది.

సుప్రి పెద్దదై మొదటిసారి కనిపించే ఫైటు మాత్రం పదిసార్లు చూసి ఉంటాను. వెనకాల పాత కాలపు పాటలా ఒక సరదా పాట నడుస్తూ ఉంటుంది. సూర్య నోరు తెరుచుకుని చూస్తాడు. అక్కడ నేనూ సూర్యనే.

---

టొరంటో_తెలుగు | ఆదివారం, ఉదయం 7:20

నేను ఈ సినిమా 2018 సెప్టెంబర్‌లోనే చూశాను, విడుదలకు ఆరు నెలల ముందు. టొరంటో చిత్రోత్సవంలో 'మిడ్‌నైట్ మ్యాడ్‌నెస్' అని ఒక విభాగం ఉంటుంది. రోజుకు ఒక సినిమా, రాత్రి 11:59కి మొదలు. ఆ విభాగానికి ఎంపికైన మొదటి భారతీయ సినిమా ఇదే. ప్రేక్షకుల ఓటుతో ఇచ్చే అవార్డు కూడా దీనికే వచ్చింది. రెండో స్థానంలో నిలిచింది ఆ ఏటి కొత్త 'హాలోవీన్'.

హాల్లో మా చుట్టుపక్కల భారతీయులు కొద్దిమందే. అయినా కరాటే మణి ఒంటికాలితో నిలబడగానే అందరూ కేకలు. హిందీ రాదు, మన పాత సినిమాలు తెలియవు, కానీ కుంగ్‌ఫూ సినిమా తెలుసు. మాస్టారు, అవమానం, సాధన, చివరి పోరు. అది ఏ దేశపు పిల్లవాడైనా చిన్నప్పుడే నేర్చుకున్న భాష. నా పక్కన కూర్చున్న పెద్దాయన పేరు కూడా నాకు తెలియదు, సినిమా అయ్యాక నా భుజం తట్టి వెళ్ళాడు.

ఇంకో మాట. హీరో అభిమన్యు దస్సానీ భాగ్యశ్రీ కొడుకు. మన 'ప్రేమ పావురాలు' భాగ్యశ్రీ. అమ్మ సినిమాకు మా అక్కలు ఏడ్చారు, కొడుకు సినిమాకు నేను అరిచాను. సినిమా విడుదలైన 2019కి ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ నూతన నటుడు అతనే.

---

ఎర్రబెల్టు (వరంగల్) | ఆదివారం, ఉదయం 9:48

పాతరీలు అన్నా, మీరు అడిగినదానికి నాకు తెలిసింది చెప్తాను. ముప్పై ఏళ్ళుగా పిల్లలకు కరాటే నేర్పుతున్నాను.

ఎదురుగా ఉన్న మనిషిని కళ్ళార్పకుండా చూడడం మామూలు జీవితంలో ఎక్కడుంది? పదహారేళ్ళ అబ్బాయి ఒక అమ్మాయి వైపు రెండు క్షణాలు చూస్తే తల దించుకుంటాడు. డోజోలో, అంటే కరాటే సాధన చేసే చోట, అలా కుదరదు. ఆమె భుజం ఎటు కదులుతుంది, బరువు ఏ కాలి మీద ఉంది, ఊపిరి ఎప్పుడు వదులుతుంది, అన్నీ చూడాలి. చూడకపోతే దెబ్బ తగులుతుంది. దెబ్బ ఎక్కడ ఆపాలో కూడా నేర్చుకోవాలి. ముక్కుకు అంగుళం దూరంలో పిడికిలి ఆపినప్పుడు ఎదుటివాళ్ళకు మీ మీద నమ్మకం కలుగుతుంది. మా క్లాసులో పుట్టిన స్నేహాలు ఇరవై ఏళ్ళయినా చెక్కుచెదరలేదు. కారణం ఇదేనని నా గట్టి నమ్మకం.

సినిమాలో కరాటే మణి గొప్పతనం నూరుమందితో పోరు కదా. అది నిజంగా ఉన్న పరీక్షే. క్యోకుషిన్ కరాటే స్థాపించిన మాస్ ఒయామా పెట్టాడు. ఒకరి తర్వాత ఒకరు నూరుమంది వస్తారు. ఒక్కో పోరు ఒకటిన్నర నుంచి రెండు నిమిషాలు. పూర్తి చేసినవాళ్ళు లోకంలోనే చాలా తక్కువ. సినిమాలో పిల్లవాడు ఆ పాత క్యాసెట్ చూసి మణిని దేవుడిలా కొలవడం నాకు చాలా నిజంగా అనిపించింది. నా మొదటి గురువుగారి గురించి మేం కూడా అలాంటి కథలే చెప్పుకునేవాళ్ళం.

మా చిన్నప్పుడు సుమన్, భానుచందర్ సినిమా వచ్చిందంటే మరుసటి రోజు బడి మైదానంలో అందరూ కరాటే వీరులే. రెండు కర్రముక్కలు, మధ్యలో సైకిల్ గొలుసు, అదే మా నాన్‌చాక్.

---

నాడి (విశాఖపట్నం) | ఆదివారం, మధ్యాహ్నం 1:15

పిల్లల డాక్టర్‌గా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే నాకు ఈ సినిమాలో ఎక్కువ గుర్తుండిపోయింది సూర్య వీపు మీది నీళ్ళ సంచి, కళ్ళకు పెట్టుకునే ఈత కళ్ళద్దాలు.

నొప్పి తెలియకపోవడం వరం కాదు. అది చాలా అరుదైన జన్యు సమస్య. ఈ పిల్లలు నాలుక కొరుక్కుంటారు, వేళ్ళు కొరుక్కుంటారు, వేడి గిన్నె పట్టుకుని వదలరు. విరిగిన కాలితోనే నడుస్తారు. కంట్లో నలుసు పడినా తెలియదు, అందుకే ఆ కళ్ళద్దాలు. నవ్వించడానికి పెట్టినట్టు కనిపించినా, ఆ పిల్లవాడి మీద ఎవరో ఎంత శ్రద్ధ పెట్టారో చూపించే వస్తువులవి.

2006లో 'నేచర్' పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. ఉత్తర పాకిస్తాన్‌లోని కొన్ని కుటుంబాలను పరీక్షించి, ఎస్‌సీఎన్9ఏ అనే జన్యువు పనిచేయకపోతే నొప్పి సంకేతం మొదలే కాదని తేల్చారు. ఆ పరిశోధనకు దారి చూపింది ఒక పిల్లవాడు. వీధుల్లో చేతికి కత్తులు గుచ్చుకుని, నిప్పుల మీద నడిచి డబ్బులు అడిగేవాడు. వాళ్ళు అతన్ని పరీక్షించకముందే, పద్నాలుగో పుట్టినరోజు రాకముందే, ఒక ఇంటి పైకప్పు మీంచి దూకి చనిపోయాడు.

ఈ సంగతి తెలిసి సినిమా చూస్తే ఆ తాత మనకు వేరేగా కనిపిస్తాడు. ఆయన మనవడికి దెబ్బలాట ఒక్కటే నేర్పలేదు. దెబ్బ తగిలిన చోట "అబ్బా" అనడం, దాహం వేయకపోయినా నీళ్ళు తాగడం నేర్పాడు. నొప్పి తెలియనివాడికి ఎదుటివాళ్ళ నొప్పి ఎలా తెలుస్తుంది? సుప్రి జీవితంలోని నొప్పి అతనికి అర్థమయ్యే తీరులోనే నాకు ఆ ప్రేమ కనిపించింది.

---

పాతరీలు | ఆదివారం, మధ్యాహ్నం 2:02

డాక్టర్ గారూ, ఆ పిల్లవాడి సంగతి చదివి కాసేపు ఏమీ తోచలేదు. మా అబ్బాయికి కూడా చదివి వినిపించాను.

ఎర్రబెల్టు అన్నా, "కళ్ళార్పకుండా చూడడం" అన్నారే, నేను వెతుకుతున్న మాట అదే.

---

తెనాలమ్మాయి | ఆదివారం, సాయంత్రం 6:37

అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా చదువుతున్నాను కానీ ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి. ఈ చర్చ చూశాక ఆగలేకపోయాను.

1980ల చివర్లో తెనాలిలో మా నాన్నగారికి వీడియో షాపు ఉండేది. క్యాసెట్ రోజు అద్దెకు ఇచ్చేవాళ్ళం. పెళ్ళిళ్ళకూ, వినాయక చవితి పందిళ్ళకూ కలర్ టీవీ, వీసీపీ (క్యాసెట్లు ఆడించే మెషీన్) కలిపి రాత్రికి పంపేవాళ్ళం, మూడు సినిమాలు ఉచితం. బడి అయ్యాక కౌంటర్ దగ్గర నేనే కూర్చునేదాన్ని. తిరిగొచ్చిన క్యాసెట్లు వెనక్కి తిప్పి పెట్టడం నా పని.

మీలో ఎంతమందికి తెలుసో, ఒకే చోట మళ్ళీ మళ్ళీ ఆపి చూస్తే టేపు అక్కడ అరుగుతుంది. బొమ్మ మీద తెల్లటి గీతలు పడతాయి. ఆ గీతలు చూసి ఊళ్ళో ఎవరికి ఏ సీను ఇష్టమో చెప్పగలిగేదాన్ని. 'ఎంటర్ ది డ్రాగన్' క్యాసెట్‌లో అద్దాల గది దగ్గర మొత్తం గీతలే.

మా దగ్గర కుంగ్‌ఫూ క్యాసెట్లకు పేర్లుండేవి కావు. నాన్నగారు స్కెచ్ పెన్నుతో "కరాటే 1", "కరాటే 2" అని రాసేవారు. "కరాటే 14" అని ఒకటుండేది. ఒక అబ్బాయి వారం వారం అదే తీసుకెళ్ళేవాడు. పాలిటెక్నిక్ చదువుతున్నాడని తర్వాత తెలిసింది. ఎప్పుడూ వెనక్కి తిప్పకుండానే తెచ్చేవాడు, ఎప్పుడూ ఒకే చోట ఆగి ఉండేది.

ఒకరోజు షాపు మూసే వేళ అది పెట్టి చూశాను. ఒక ఇంటి పెరడు. కొత్తగా పెళ్ళయిన భార్యాభర్తలు. భర్త చైనావాడు, భార్య జపాన్ అమ్మాయి. నీ విద్య గొప్పదా నా విద్య గొప్పదా అని ఇద్దరూ పట్టుదలగా పోటీ పడుతున్నారు. ఆమె సాధన చేస్తుంటే గోడలు విరుగుతున్నాయి. అప్పటిదాకా నేను చూసిన సినిమాల్లో ఆడపిల్ల కొడితే అది హీరో వచ్చేదాకానే. ఇక్కడ ఆమె గెలవాలనే కొడుతోంది. టేపు మీద గీతలు సరిగ్గా అక్కడ ఉన్నాయి.

మరుసటి నెల నాన్నగారిని అడిగి కరాటే క్లాసులో చేరాను. బ్యాచ్‌లో ఆడపిల్లలం ఇద్దరమే. అక్కడికి ఆ అబ్బాయి కూడా వచ్చేవాడు.

---

సెకండ్‌షో | ఆదివారం, సాయంత్రం 6:51

మేడం, అక్కడ ఆపేస్తే ఎలా? టెన్షన్ పెట్టకండి, తర్వాత ఏమైంది?

---

ఎర్రబెల్టు | ఆదివారం, రాత్రి 8:10

తెనాలమ్మాయి గారూ, మీరు చెప్పింది 'హీరోస్ ఆఫ్ ది ఈస్ట్' అయి ఉండాలి. 'షావోలిన్ ఛాలెంజెస్ నింజా' అని కూడా అంటారు. హాంకాంగ్ షా బ్రదర్స్ సంస్థ, 1978, దర్శకుడు లావ్ కార్ లియుంగ్. భర్తగా గోర్డన్ లియూ. '36 ఛాంబర్స్'లో గుండుతో చూసి అలవాటైనవాళ్ళు ఇందులో జుట్టుతో చూస్తే గుర్తుపట్టరు. అలిగి పుట్టింటికి వెళ్ళిన భార్యను రప్పించడానికి భర్త సవాలు ఉత్తరం రాస్తాడు. దాన్ని జపాన్ విద్యలన్నిటికీ సవాలుగా అనుకుని అక్కడి గురువులంతా బయలుదేరి వస్తారు. కథంతా అదే. కత్తికి కత్తి, ఈటెకు ఈటె, ఒక్కొక్కరితో ఒక్కో పోరు. చివరిదాకా ఒక్కరూ చావరు. ఓడినవాడికి గౌరవం ఇవ్వడమే అందులో అసలు విషయం. ఆ దర్శకుడి తండ్రి నేర్చుకున్నది చైనాలో పేరుమోసిన కుంగ్‌ఫూ గురువు వాంగ్ ఫెయ్ హుంగ్ శిష్యుడి దగ్గర. అంటే చేత్తో పట్టుకుని నేర్పిన విద్య తెర మీదకు వచ్చింది. దాన్ని మించిన కుంగ్‌ఫూ ప్రేమకథ నాకు తెలియదు.

అదే ఏడాది వచ్చిన 'డ్రంకెన్ మాస్టర్' కూడా ఈ కోవలోదే. అందులో జాకీ చాన్ వేసింది అల్లరి కుర్రాడైన వాంగ్ ఫెయ్ హుంగ్ పాత్ర. మొదట్లో ఒక అమ్మాయిని ఏడిపిస్తాడు. ఆమె తన సొంత బంధువని తెలియదు. ఆ అమ్మాయి తల్లి చేతిలో చావుదెబ్బలు తింటాడు. తర్వాత గురువు ఎనిమిది తాగుబోతు దేవతల పద్ధతులు నేర్పితే ఏడే నేర్చుకుంటాడు. ఎనిమిదోది ఆడ దేవతది, ఆడంగిగా ఉందని వదిలేస్తాడు. చివరి పోరులో ఆ ఎనిమిదోది లేకుండా గెలవలేడు. అక్కడికక్కడ సొంతంగా కల్పించుకుని చేస్తాడు. మా క్లాసులో మగపిల్లలందరికీ ఆ సీను చూపిస్తాను.

---

టొరంటో_తెలుగు | ఆదివారం, రాత్రి 9:30

అన్నా, ఇన్నిసార్లు చూశాను కానీ ఆ ఎనిమిదో దేవత సంగతి ఎప్పుడూ ఇలా తట్టలేదు. ఈ లెక్కన సుప్రి పాత్ర ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పుడు అర్థమవుతోంది. రాధికా మదన్ ఆ ఫైట్లు తనే చేసిందని చదివాను. తెర మీద అది తెలుస్తుంది కూడా. దెబ్బ వేశాక ఆమె భుజం తిరిగే తీరు డూప్‌తో కుదరదు.

---

సెకండ్‌షో | ఆదివారం, రాత్రి 9:44

సుప్రి గురించి అంటే నాకు ఫైట్ల కంటే ఎక్కువ నచ్చింది తల్లీకూతుళ్ళ మధ్య సీను. తల్లి వైద్యం కోసమని సుప్రి తనను అదుపులో పెట్టుకునే మనిషితో సర్దుకుపోతుంటుంది. నా కోసం నువ్వు సర్దుకోవద్దు, వెళ్ళిపో అంటుంది తల్లి. వీధిలో పదిమందిని కొట్టే పిల్ల ఇంట్లో గొంతెత్తలేకపోవడం, ఆ ధైర్యం తల్లి ఇవ్వడం. మా అక్క జీవితంలో ఇలాంటి రోజు ఒకటుంది. అందుకే రెండో సగం సాగిందని అన్నా సరే, ఈ సినిమాను నేను వదులుకోను.

రాంగోపాల్ వర్మ సినిమా 'లడ్కీ' కూడా చూశాను, 2022లో వచ్చింది. బ్రూస్ లీని ఆరాధించే అమ్మాయి కథ. పూజా భాలేకర్ నిజంగా తైక్వాండో నేర్చుకున్న అమ్మాయి, ఆమె కాళ్ళ వేగం చూడడానికి బాగుంది. కానీ ఆ అమ్మాయి ఎలా ఎదిగిందో చూపించే తీరిక ఆ సినిమాకు లేదు. అమీర్‌పేటలో వీడియో షాపు నడిపిన మనిషి, ఆ షాపు లోకాన్నే తెర మీదకు తెస్తే ఎంత బాగుండేదో అనిపించింది.

---

తెనాలమ్మాయి | సోమవారం, ఉదయం 6:15

నిన్న రాత్రి ఇంటిపనిలో పడిపోయాను, క్షమించండి.

ఎర్రబెల్టు గారూ, అవును, అదే సినిమా. చాలా ఏళ్ళ తర్వాత ఇంటర్నెట్‌లో ఆ పెరడు కనిపించగానే గుర్తుపట్టాను. పేరు అప్పుడే తెలిసింది.

క్లాసులో మూడు నెలలు ఆ అబ్బాయి నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఒకరోజు మాస్టారు మా ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టారు. అతను కాలు ఎత్తడానికి ముందు ఎడమ భుజం కొంచెం దించుతాడు. ఆ సంగతి నాకు ముందే తెలుసు, ఎందుకంటే "కరాటే 14"లో భర్త అలాగే చేస్తాడు, ఇతను దాన్ని చూసి నేర్చుకున్నాడు. ఆ భుజం దిగగానే పక్కకు జరిగి కింద కాలు లాగాను. పడిపోయాడు. లేచి కూర్చుని "మీరు కూడా ఆ క్యాసెట్ చూశారా?" అని అడిగాడు. మా మధ్య అదే మొదటి మాట.

ఆ సీను అన్నిసార్లు ఎందుకు ఆపి చూస్తావని చాలా రోజుల తర్వాత అడిగాను. ఆ అమ్మాయి కోసమే అనుకున్నాను నేను. ఆమె పాదాలు ఎలా పెడుతుందో నోట్‌బుక్‌లో గీసుకుంటున్నానని చెప్పాడు. ఆ నోట్‌బుక్ తెచ్చి చూపించాడు కూడా. అరవై పేజీలు, అన్నీ పాదాలే. బాణం గుర్తులు వేసి, ఏది ముందో ఏది తర్వాతో అంకెలు వేసి ఉన్నాయి. పద్దెనిమిదేళ్ళ వయసులో నాకు అంతకంటే అందమైనది ఎవరూ చూపించలేదు.

పాతరీలు గారూ, మీ ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు అదే.

షాపు 1990ల చివర్లో మూసేశాం. మిగిలిన క్యాసెట్లన్నీ పోయాయి. "కరాటే 14" మాత్రం నా దగ్గర ఉంది, కానీ తెల్లటి బూజు పట్టింది. వీసీపీ కూడా ఉంది, తిరగదు. ఎవరైనా బాగుచేసేవాళ్ళు తెలిస్తే చెప్పగలరా?

---

పాతరీలు | సోమవారం, ఉదయం 7:03

పొద్దున్నే బస్సులో చదివాను. కళ్ళు తుడుచుకుంటుంటే పక్క సీటాయన ఏమైందని అడిగాడు. ఫోన్ ఇచ్చి చదవమన్నాను.

---

హెడ్‌క్లీనర్ (విజయవాడ) | సోమవారం, ఉదయం 11:26

మేడం, గవర్నర్‌పేటలో ముప్పై రెండేళ్ళుగా టీవీ, వీసీఆర్ రిపేర్లు చేస్తున్నాను. దయచేసి ఆ క్యాసెట్ ఏ మెషీన్‌లోనూ పెట్టకండి. బూజు ఉన్న టేపు తిప్పితే బూజు హెడ్‌కు (టేపును చదివే భాగానికి) అంటుకుంటుంది, టేపు తెగే ప్రమాదం కూడా ఉంది. ఎండలో పెట్టొద్దు, తడిగుడ్డ వద్దు. పొడిగా ఉన్న డబ్బాలో నిలువుగా ఉంచండి, అందులో నాలుగైదు సిలికా జెల్ పొట్లాలు వేయండి. పది రోజులు తేమ లాగనివ్వండి. తర్వాత క్యాసెట్ విప్పి, రీళ్ళు కొత్త క్యాసెట్ డబ్బాలోకి మార్చి, మెత్తటి గుడ్డతో నెమ్మదిగా తుడుస్తూ చేత్తో తిప్పాలి. ఆ పని నేను చేస్తాను.

వీసీపీ తిరగకపోవడానికి చాలావరకు లోపలి రబ్బరు బెల్టే కారణం. ఏళ్ళు గడిస్తే సాగిపోతుంది, లేదా తారులా కరిగిపోతుంది. బెల్టు మార్చి, హెడ్ శుభ్రం చేస్తే చాలు. కంప్యూటర్‌లోకి కాపీ కూడా చేసిస్తాను. ఆ గీతలు మాత్రం పోవు. అక్కడ టేపు మీది పూత రాలిపోయి ఉంటుంది, దాన్ని తిరిగి తేవడం ఎవరి వల్లా కాదు.

---

తెనాలమ్మాయి | సోమవారం, రాత్రి 8:55

చాలా థాంక్స్ అండీ. సిలికా జెల్ ఈరోజే తెప్పించాను. పది రోజులయ్యాక వచ్చే ఆదివారం విజయవాడ వస్తాం.

గీతలు పోవని చెబితే మా ఆయన సంతోషించారు. అవి ఎన్నో నిమిషంలో మొదలవుతాయో ఇంకా గుర్తుందట. ఆ నోట్‌బుక్ కూడా తెస్తానంటున్నారు.